ఆదర్శం కాదు, బిడ్డా

పోయిన నెల ఒక ఉదయం బడికి బయలుదేరబోతూ టిఫిన్ డబ్బాకు మూత పెడుతుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. "టీచర్ పోయింది మేడమ్," అన్నాడు అవతలి మనిషి. ఏ టీచరో వెంటనే అర్థం కాలేదు. మా బడిలో మేమంతా టీచర్లమే. అతనే మళ్లీ, "నేను వాళ్ల కొడుకును. తెల్లారి లేపితే లేవలేదు," అన్నాడు. అప్పుడు తెలిసింది, పోయింది మా బడిలో అందరం పెద్ద టీచర్ అని పిలిచే ఆవిడ అని. కన్నతల్లిని టీచర్ అని పిలిచే కొడుకు నాకు తెలిసి అతనొక్కడే. ఆ పిలుపు ఎలా వచ్చిందో తర్వాత చెబుతాను.

హెడ్ మాస్టరుకు సెలవు చెప్పి ఆటో ఎక్కాను. ఆఫీసుల వేళ కావడంతో గచ్చిబౌలి దగ్గర బండ్లు కదలడం లేదు. పక్కనే కంపెనీ బస్సులో అద్దానికి తల ఆనించి నిద్రపోతున్న కుర్రవాళ్లు. పెద్ద టీచర్ కూడా బస్సులో అలాగే నిద్రపోయేవారు. దిగాల్సిన చోటు రాగానే ఎవరూ లేపకుండానే లేచేవారు.

వాళ్ల ఇల్లు నల్లగండ్లలో అపార్ట్‌మెంట్ల వెనక మిగిలిపోయిన పాత ఊళ్లో. ఆమె పుట్టింది కూడా ఆ చుట్టుపక్కలే. వాకిట్లో పడుకోబెట్టారు. చాలామంది వచ్చారు. మెడలో కంపెనీ కార్డులతో, ఆఫీసుకు పోతూ మధ్యలో ఆగినవాళ్లు కొందరు, సిమెంటు అంటిన చేతులతో పని నడుమ వచ్చినవాళ్లు కొందరు. అందరూ ఆమె దగ్గర సోషల్ చదువుకున్నవాళ్లే. కొడుకు నా దగ్గరికి వచ్చి, "మీ గురించి చెప్పేది. పాప ఎట్లుంది?" అని అడిగాడు. బాగుందన్నాను. అతను నాకు కుర్చీ జరిపి, వచ్చినవాళ్ల వైపు వెళ్లాడు.

ఆమె ముఖం చూశాను. నాకు తెలిసిన కాలమంతా ఆమె అలసిపోయే ఉన్నారు. తాజాగా ఉన్న పెద్ద టీచర్‌ను నేను ఎన్నడూ చూడలేదు. పీరియడ్‌కూ పీరియడ్‌కూ మధ్య కళ్లద్దాలు తీసి, రెండు వేళ్లతో కళ్లు నొక్కుకుని, గంట కొట్టగానే మళ్లీ పెట్టుకుని లేచేవారు. మోకాళ్లు నొప్పి. షుగర్. అయినా క్లాసు ఎగ్గొట్టడం ఎరగరు. అలసటను దాచుకునేవారు కాదు, దాన్ని ఎవరి మీదా చూపేవారూ కాదు.

మా బడి రెండు అద్దాల మేడల మధ్య ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలు. మధ్యాహ్నం ఒకదాని నీడ, సాయంత్రం రెండోదాని నీడ మా గ్రౌండు మీద పడుతుంది. ఆ మేడలు కట్టడానికి వచ్చిన కూలీల పిల్లలు, వాటిలో ఊడ్చేవాళ్ల పిల్లలు, కాపలా కాసేవాళ్ల పిల్లలు మా దగ్గర చదువుతారు. ఒకరోజు వరండాలో నిలబడి ఆమె ఒక మేడ వైపు చూపించి, "మా నాయిన జొన్న ఏసిన కాడ ఇప్పుడు ఏసీలు ఏసిండ్రు," అన్నారు. అందులో దుఃఖం గానీ గర్వం గానీ వినిపించలేదు. దేశపటంలో ఏదో ఊరు చూపించినట్టు చెప్పి క్లాసుకు వెళ్లిపోయారు.

నేను ఆ బడిలో చేరేనాటికి నాకు ముప్పై దాటాయి. అంతకుముందు చాలా ఏళ్లు నల్లగండ్లలోనే ఒక ప్రైవేటు స్కూల్లో పని చేశాను. చిన్న జీతం, చాకిరీ ఎక్కువ. మళ్లీ మళ్లీ రాసిన మీదట డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. వికారాబాదు దగ్గర మా ఊళ్లో మా నాన్న మిఠాయి పంచాడు. నాకు మాత్రం సంతోషపడేంత తీరిక దొరకలేదు. చేరాక నెలలు గడిచినా జీతం రాలేదు. ఐడీ రావాలన్నారు, బిల్లు పాస్ కావాలన్నారు. చివరికి అంతా కలిపి ఒకేసారి బ్యాంకులో పడింది.

ఆ డబ్బు పడిన సంగతి మా ఇంటాయనకంటే ముందు బ్యాంకుల ఏజెంట్లకు తెలిసింది. లోన్లు ఇస్తామని ఒకరు, క్రెడిట్ కార్డని ఒకరు, శంకర్‌పల్లి అవతల ప్లాటని ఒకరు స్టాఫ్‌రూముకు వచ్చేవారు. నాతోపాటు చేరిన సైన్స్ సార్ వారం తిరగకుండా ప్లాటుకు అడ్వాన్సు కట్టేశాడు. పెద్ద టీచర్ నా పక్క కుర్చీలో జొన్నరొట్టె తింటూ అన్నీ వినేవారు. ఏజెంటు వెళ్లాక, "అప్పు ఇచ్చేటోడు కుర్చీ ఏయకముందే కూసుంటడు," అనేవారు. నా చేతికి ఒకేసారి వచ్చిన డబ్బు గురించి అడిగితే, "గవి పండుగ చుట్టాలు బిడ్డా. వచ్చిన సంబురంల మనం ఉంటం, వాళ్లు బ్యాగులు సర్దుకుంటుంటరు," అన్నారు.

మరుసటి రోజు సాయంత్రం నన్ను తనతో పోస్టాఫీసుకు తీసుకెళ్లారు. కుంటుతూ నడుస్తూనే, "నాకు పెన్షన్ ఉంది. మీ కొత్తోళ్లకు సీపీఎస్, జీతంల కోసి జమ చేసుడే. రిటైర్ అయినంక ఎంతొస్తదో దేవునికెరుక. నీ ముసల్తనం నువ్వే కొనుక్కోవాలె, జర జర," అన్నారు. నెలనెలా కట్టే ఆర్.డీ. ఖాతా ఒకటి నా పేరుతో తెరిపించారు. ఎంత కట్టాలో నేను పెద్దగా చెప్పబోతే తగ్గించారు. "ఎండాకాలంల గూడ కట్టగలిగినంత ఏయి. జూన్ల ఫీజులొస్తయి. గప్పుడు బందు పెడితె మల్ల మొదలు పెట్టవు."

ఆ జూన్ మాట అప్పుడు నా గుండెలో ముల్లులా దిగింది. కారణం ఉంది. మా పాప నేను వదిలి వచ్చిన ప్రైవేటు స్కూల్లోనే చదువుతోంది. అక్కడ పనిచేసినంత కాలం టీచర్ల పిల్లలకని సగం ఫీజే తీసుకున్నారు. ప్రభుత్వ ఉద్యోగం వచ్చి నేను బయటికి రాగానే ఆ సగం పోయి మొత్తం ఫీజు పడింది. పాప ఐదు పూర్తిచేసి ఆరుకు వస్తోంది. హైస్కూలంటే ఫీజు ఇంకా పెరుగుతుంది. పుస్తకాలు, బూట్లు, స్కూల్ బస్సు వేరే. అదే సమయంలో మా ఇంటాయన క్యాబ్ కంపెనీ కాంట్రాక్టు పోయింది. రాయదుర్గంలో ఒక ఆఫీసుకు మనుషులను దింపేవాడు. వాళ్లు వారానికి కొన్ని రోజులే రావడంతో బండ్లు తగ్గించారు. కారు మీద కిస్తీ మాత్రం తగ్గలేదు. ఒకేసారి పడిన జీతం చేబదుళ్లకే పోయింది, నా బీఎడ్ అప్పు ఇంకా తీరలేదు. ఉద్యోగం రాకముందు ఎలా బతికామో అలాగే బతుకుతున్నాం. కాకపోతే ఇప్పుడు చుట్టాలందరూ మాకు బాగా సాగుతోందని అనుకుంటున్నారు.

మార్చిలో ఒకరోజు పాప బడి నుంచి వచ్చి మూల కూర్చుంది. ఫీజు బాకీ ఉన్న పిల్లల పేర్లు క్లాసులో చదివారట. "నేను ఒక్కదాన్నే కాదు మమ్మీ, ఇంకా ఉన్నరు," అని నన్నే ఓదార్చింది. మరుసటి రోజు లోను ఏజెంటుకు నేనే ఫోన్ చేశాను. మధ్యాహ్నానికి కాగితాలతో వచ్చాడు. సంతకం పెట్టాల్సిన చోట్ల పెన్సిలుతో గుర్తులు కూడా పెట్టుకొచ్చాడు.

నేను పెన్ను తీసేలోగా పెద్ద టీచర్ లేచి నిలబడ్డారు. "బాబూ, టీచర్‌కు ఇప్పుడు క్లాసుంది. మల్ల రా," అన్నారు. నాకు క్లాసు లేదు. అతను అయిష్టంగా వెళ్లిపోయాడు. ఆమె నన్ను బయటికి తీసుకొచ్చి, నల్లాల దగ్గర మెట్ల మీద కూర్చోబెట్టి, మోకాలు పట్టుకుని మెల్లగా తానూ కూర్చున్నారు.

"ఫీజుకేనా?" అన్నారు.

అవునన్నాను. మూడేళ్లలో తీర్చేస్తానన్నాను.

"ఈ ఏడు ఫీజు గీ అప్పుతోని కడ్తవు. వచ్చే ఏడుది?"

నేను వేళ్ల మీద లెక్క మొదలుపెట్టి, చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఫీజంటే పెండ్లి ఖర్చు కాదు బిడ్డా, ఒక్కపారి పెట్టి చేతులు దులుపుకోనీకి. కాపురం ఖర్చు అది. ఏండ్లకేండ్లు ఎల్లాలె." "నా గురించి స్టాఫ్‌రూంల ఏం చెప్పిండ్రు నీకు?" అని అడిగారు.

"మీ బాబును మన బడిలనే చదివించిండ్రని చెప్పిండ్రు టీచర్. అందరూ మిమ్మల్ని ఆదర్శం అంటరు."

"ఆదర్శం కాదు, బిడ్డా. ఫీజు కట్టనీకి లేకుండె."

ఆమె ఆ మాట ఎదురుగా పిల్లలు కడుక్కుంటున్న ప్లేట్ల వైపు చూస్తూ అన్నారు. తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చారు. భర్త పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడట. అది మూతపడింది. ఇంట్లో ఆమె ఒక్కరి జీతమే. అత్తకు మందులు, ఆడబిడ్డ కాన్పు. కొడుకు ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతి అయిపోయింది. జూన్‌లో తీసుకొచ్చి తన బడిలో ఆరో తరగతిలో కూర్చోబెట్టారు. ప్రభుత్వ టీచర్ తన పిల్లవాణ్ని ప్రభుత్వ బడిలో చేర్చిందని తెలిసి పేపరు వాళ్లు వచ్చి ఫొటో తీసుకున్నారు. టీచర్స్ డే నాడు మండలంలో పిలిచి శాలువా కప్పారు.

"నేనేమనాలె? పైసల్లేక తెచ్చిన అంటే ఇజ్జత్ పోతదని సప్పుడు జేయలే. గా శాలువ ఇంటికి తెచ్చి మడత పెడుతుంటె పిల్లగాడు నా మొఖం చూసిండు. వానికి అసలు సంగతి ఎరుకనే. ఏమనలే. సూసిండు, అంతే."

"కానీ బాగే అయింది కదా టీచర్. బాబు మంచి కొలువుల ఉన్నడు."

"ఉన్నడు. మా బడిల చదివినందుకు బాగుపడ్డడా, చదివినా బాగుపడ్డడా, గది నాకు తెల్వదు. తెల్సినట్టు నీకు చెప్తె అబద్ధమైతది."

ఎవరో తిప్పి వదిలేసిన నల్లాను లేచి వెళ్లి కట్టేసి వచ్చాను. "మరి నన్ను ఏం చెయ్యమంటరు?" అన్నాను.

"నేను గిది చెయ్యమని చెప్పను. ఆ ఫికర్ నీది, మీ ఆయనది. ఒక్కటి చెప్త. ఏది చేసినా పిల్లకు అసలు సంగతి చెప్పి చెయ్యి. దాని మీద శాలువ కప్పకు."

గంట కొట్టారు. కళ్లద్దాలు పెట్టుకుని, నా భుజం ఆసరాగా లేచి, ఎనిమిదో తరగతికి వెళ్లిపోయారు. ఏజెంటు మళ్లీ వచ్చినప్పుడు నేను సంతకం పెట్టలేదు.

ఇంట్లో ఆ మాట చెప్పడం తేలిక కాలేదు. మా ఇంటాయన అన్నం ముందు చెయ్యి ఆపి, "ఇన్నేండ్లు నీకు గవర్నమెంటు నౌకరి రావాలని కాళ్లరిగేటట్టు తిరిగినం. వచ్చినంక పిల్లను గవర్నమెంటు బడిల ఏద్దామంటవా? నలుగురేమంటరు?" అన్నాడు. "మనం అందులనే కదా జీతం తీసుకునేది," అన్నాను. అతను కంచం పక్కకు జరిపి లేచాడు. కోపం కాదు, అవమానంగా అనిపించింది అతనికి. కాంట్రాక్టు పోయిన నాటి నుంచి మనిషి కుంగిపోయి ఉన్నాడు. రెండు రోజుల తర్వాత అతనే, "పాపను అడుగుదాం," అన్నాడు.

అడగలేదు, చెప్పాం. డబ్బు సరిపోవడం లేదని, అప్పు తెచ్చి కడితే పై ఏడు మళ్లీ ఇదే పరిస్థితని, అందుకే బడి మారుద్దామనుకుంటున్నామని ఉన్నది ఉన్నట్టు చెప్పాం. పాప ఏడ్చింది. స్నేహితురాళ్ల పేర్లు చెప్పి ఏడ్చింది. ఏడుపు ఆగాక ముక్కు తుడుచుకుంటూ, "మా క్లాసుకు నువ్వు వస్తవా?" అంది. ఇంగ్లిష్ చెప్పేది నేనే అన్నాను. "మరి నిన్ను ఏమని పిలవాలె? మేడమ్ అనాల్నా?"

మరుసటి రోజు ఆ మాటే పెద్ద టీచర్‌ను అడిగాను. ఆమె తింటున్న రొట్టె డబ్బాలో పెట్టేశారు.

"అమ్మా అననియ్యి. క్లాసులైనా సరే," అన్నారు. "నేను అననియ్యలే. మిగతా పిల్లలకు ఫరక్ కనిపియ్యొద్దని, బడిల టీచర్ అనాలె, ఇంట్ల అమ్మ అనాలె అని కాయిదా పెట్టిన. వానికి కోపమొచ్చి ఇంట్ల గూడ టీచర్ అనుడు షురూ చేసిండు. నేనూ పట్టించుకోలే, రెండు దినాలు అంటడు, ఊకుంటడు అనుకున్న. కోపం ఎన్నడో పోయింది. మాట పోలే."

జూన్‌లో పాప మా బడికి వచ్చింది. అంతా హాయిగా సర్దుకుందని చెప్పలేను. మొదటి కొన్ని వారాలు అన్నం సరిగా తినలేదు. పాత స్కూల్ బస్సు మా బడి గేటు ముందు నుంచే పోతుంది. అది వచ్చే వేళకు తల తిప్పుకుని నిలబడేది. అక్కడి లైబ్రరీ, కంప్యూటర్లు మా దగ్గర లేవు, అవి పోయిన మాట నిజం. పాలమూరు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ కూతురు దాని పక్కన కూర్చుంది. ఇద్దరూ ఖోఖో ఆడటం మొదలుపెట్టాక ఇంటికి దుమ్ముతో వచ్చేది. దుమ్ముతో వచ్చిన మొదటి రోజు నాకు కొంచెం ఊపిరి ఆడింది.

మొదటిసారి అది క్లాసులో లేచి "అమ్మా, ఈ పదం అర్థం కాలే," అన్నప్పుడు పిల్లలంతా గొల్లున నవ్వారు. పాప ముఖం ఎర్రబడింది. నేను నవ్వకుండా అర్థం చెప్పాను. రెండో వారానికి నవ్వడం మానేశారు. ఒకరోజు ఆ మేస్త్రీ కూతురే పొరపాటున నన్ను "అమ్మా" అనేసి నాలుక కరచుకుంది. అప్పుడే వరండాలో పోతున్న పెద్ద టీచర్ అది విని తలుపు దగ్గర ఆగారు. చేతిలో గ్లోబు ఉంది. లోపలికి చూశారు. కాసేపు అలాగే నిలబడి వెళ్లిపోయారు.

ఆ ఏడాది అప్పు చేయకుండా గడిచింది. మా ఇంటాయన కారుకు వేరే దారిలో పని దొరికింది, కిస్తీ కడుతున్నాడు. పోస్టాఫీసులో ఖాతా ఆగలేదు. ఏ నెలా మిగులు లేదు, ఏ నెలా ఎవరి దగ్గరా చేయి చాపలేదు. ఈ మాట రాస్తుంటే కూడా ఒళ్లు నొప్పులుగానే ఉంది. పాప ఏడుకు వచ్చింది. నాకు దాన్ని క్లాసులో కూర్చోబెట్టి పాఠం చెప్పడం అలవాటైనట్టే, దానికి మా బడి అలవాటైంది.

పాప ఏడులో ఉన్న చలికాలంలో పెద్ద టీచర్ రిటైరయ్యారు. సన్మానం రోజు దండలు, శాలువాలు చాలా వచ్చాయి. మాట్లాడమంటే మైకు దగ్గరికి వచ్చి, "అందరు మంచిగుండండి. నేను ఇగ పొద్దుగాల ఎనిమిదింటి దాక పండుకుంట," అని దిగిపోయారు. అందరూ నవ్వారు. స్టాఫ్‌రూములో అడిగాను, నిజంగా అదేనా కోరిక అని. "ఇంకేముంటది బిడ్డా. ముప్పై ఏండ్ల నిద్ర బాకి ఉంది," అన్నారు. ఆ పడుకోవడం నిండా ఏడాదైనా సాగలేదు.

చివరిసారి ఆమెను చూసింది లింగంపల్లి బస్టాపులో. పెన్షన్ కాగితాల పనిమీద మండలాఫీసుకు వచ్చి తిరిగి వెళ్తున్నారు. సాయంత్రం ఎండ ఇంకా ఉంది. పాత గొడుగు వేసుకుని, చెప్పుల్లోంచి కాళ్లు బయటికి తీసి చెప్పుల మీదే ఆనించి నిలబడ్డారు. మడమలు వాచి ఉన్నాయి. పాప ఏం చదువుతోందని, మా ఇంటాయన బండి ఎలా నడుస్తోందని అడిగారు. పోస్టాఫీసు సంగతి అడగలేదు. ఆడవాళ్లతో కిక్కిరిసిన బస్సు ఒకటి వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకోబోయాను.

"నువ్వెక్కు. పిల్ల ఇంటి కాడ చూస్తుంటది," అన్నారు. "నాకేం తొందర. కూసోనీకి జాగ ఉన్న బస్సు వచ్చేదాక ఉంట."

నేను ఎక్కాను. మెట్టు మీది నుంచి లోపలికి తోసుకుంటూ పోయి వెనక అద్దం దగ్గర ఆగాను. బస్సు కదిలింది. ఆమె మా వైపు చూడటం లేదు. గొడుగు ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకుని, రోడ్డు అటు చివర వస్తున్న బస్సు వైపు మెడ సాచి చూస్తున్నారు. అదీ నిండే వచ్చింది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి, ఎక్కేవాళ్లకు దారి ఇచ్చారు.